పది రెట్లు తేడా వచ్చింది మాస్టారూ, రాయొద్దన్నారు

సోంపేట వైపు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దంది, ఊరి పేరూ వద్దంది, అందుకే ఆ రెండూ తీసేసి మిగతాది కుదించి చెప్తున్నా.

వయసు 23. పదో తరగతి దాకా ఊళ్ళోనే జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైంది. ఎనిమిది నెలల కిందట పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో (మందుల నాణ్యత పరీక్షించే చోట) ట్రైనీగా చేరింది, రణస్థలంలో ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి రూములో ఉంటోంది. నాన్నకి కిడ్నీ ప్రాబ్లం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, నెలనెలా రక్తపరీక్షలు, మందులు. ఇంటికి రెండెకరాల జీడితోట, తమ్ముడు ఇంటర్. తను పంపే డబ్బుతోనే నాన్న మందులు నడుస్తున్నాయి.

ఇక అసలు బాధ తన మాటల్లోనే: "మాస్టారూ, నాకు యూనిట్లంటే భయం. మిల్లీగ్రాము, మైక్రోగ్రాము, పీపీఎం, మోలారిటీ అన్నీ విడివిడిగా తెలుసు కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చమంటే చేతులు చల్లబడిపోతాయి. మా సీనియర్ ఒకన్నయ్య ఉన్నాడు, అడిగినప్పుడల్లా ఇక్కడ వెయ్యితో గుణించు, ఇక్కడ వందతో భాగించు అని చెప్తాడు, నేను అవి బట్టీ పట్టి చేస్తున్నా. పోయిన నెల 10 పీపీఎం స్టాండర్డ్ (శాంపిల్‌ని పోల్చి చూడ్డానికి, గాఢత ముందే తెలిసిన ద్రావణం) చెయ్యమన్నారు. ఎప్పుడూ చేసినట్టే స్టాక్ (పల్చన చెయ్యక ముందు చిక్కటి ద్రావణం) చేసి అందులో 1 ఎంఎల్ తీసి 100 ఎంఎల్‌కి చేశా. మెషీన్‌లో పెడితే పీక్ ఏరియా (సరుకు ఎంతుందో చూపే కొలత) రావాల్సినదాంట్లో పదో వంతే వచ్చింది. అన్నయ్య చూసి సీక్వెన్స్ (మెషీన్‌లో వరసగా పెట్టిన పరీక్షలు) ఆపేశాడు, కొత్తది చేయించాడు, అది కరెక్టుగా వచ్చింది. మొదటిదాని గురించి నోట్‌బుక్‌లో రాయొద్దన్నాడు, రాస్తే ఎంక్వైరీ పెడతారు, నువ్వు ట్రైనీవి, పంపించేస్తారు అన్నాడు. నేను రాయలేదు. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. అమ్మేమో మానేసి వచ్చి బీఈడీ చేసుకో అంటోంది. నాకు కెమిస్ట్రీ రాదేమో మాస్టారూ, మార్కులు ఊరికే వచ్చాయేమో. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, నీ ఉత్తరంలో మూడు ముడులున్నాయి, నువ్వు మూడింటినీ కలిపి ఒకే ముద్దలా పట్టుకుని ఏడుస్తున్నావు. లెక్క తప్పడం ఒకటి, దాన్ని రాయకపోవడం ఒకటి, నాకు కెమిస్ట్రీ రాదు అనుకోవడం ఇంకొకటి. మొదటిది చిన్నది. రెండోది పెద్దది, కానీ ఇప్పటికీ సరిచేసుకోగలిగింది. మూడోది నిజం కాదు, అది ఎందుకు కాదో ముందు చెప్తా, ఎందుకంటే అది మనసులోంచి పోతే తప్ప మిగతా రెండిటి గురించి నువ్వు ధైర్యంగా ఆలోచించలేవు.

నువ్వు ఉత్తరం చివర్లో ఒక మాట రాశావు, పైన నేను పెట్టలేదు. చిన్నప్పుడు జీడిపిక్కలు కొనడానికి షావుకారు వస్తే కేజీకి ఎంత పడుతోందో నాన్నకి నువ్వే లెక్క కట్టి చెప్పేదాన్నని. మీవైపు పిక్కలు 80 కేజీల బస్తా లెక్కన కొంటారు కదా. బస్తా 14,000 అన్నాడనుకో, నువ్వు 80తో భాగించి కేజీ 175 పడుతోంది నాన్నా, నిన్న ఇంకొకాయన 180 అన్నాడు, ఇతనికి ఇవ్వొద్దు అని చెప్పేదానివి. అప్పుడు నీకు ఎవరైనా ఫార్ములా ఇచ్చారా? 80తో గుణించాలా భాగించాలా అని ఎప్పుడైనా తడబడ్డావా? లేదు. ఎందుకంటే నీ మనసులో 14,000 అనేది ఒట్టి 14,000 కాదు, బస్తాకి 14,000 రూపాయలు. 80 అనేది ఒట్టి 80 కాదు, బస్తాకి 80 కేజీలు. బస్తా బస్తాతో కొట్టుకుపోయి కేజీకి రూపాయలు మిగిలాయి. అది యూనిట్ కన్వర్షనే తల్లీ, కాలేజీలో డైమెన్షనల్ ఎనాలిసిస్ అని పేరు పెట్టి చెప్పేది అచ్చంగా అదే. మీ అమ్మ కుంచాలు, మానికలు, తవ్వలు, సోలలు అని ధాన్యం కొలిచేటప్పుడు చేసేదీ అదే. తోట దగ్గర లెక్క వచ్చి ల్యాబ్‌లో రాకపోవడానికి కారణం ఒకటే, తోట దగ్గర నువ్వు సరుకు చూస్తున్నావు, ల్యాబ్‌లో అంకె మాత్రమే చూస్తున్నావు.

ఇప్పుడు ఆ రోజు ఏం జరిగిందో దగ్గరగా చూద్దాం. నువ్వు రాసిన కొలతల్ని బట్టి నాకు అర్థమైంది ఇది, తప్పైతే మళ్ళీ రాయి. నువ్వు మామూలుగా చేసే మెథడ్‌లో 100 మిల్లీగ్రాములు 100 ఎంఎల్ ఫ్లాస్క్‌లో కలుపుతావు. అంటే ఎంఎల్‌కి 1 మిల్లీగ్రాము, మైక్రోగ్రాముల్లో ఎంఎల్‌కి 1000. నీళ్ళలాంటి పల్చటి ద్రావణంలో పీపీఎం అన్నా ఎంఎల్‌కి మైక్రోగ్రాము అన్నా లీటరుకి మిల్లీగ్రాము అన్నా ఒకటే, కాబట్టి అది 1000 పీపీఎం స్టాక్. అందులో 1 ఎంఎల్ తీసి 100కి చేస్తే 10 పీపీఎం. నీ బుర్రలో "స్టాక్‌లో 1 తీసి 100 చేస్తే 10" అని అచ్చు పడిపోయింది. ఆ రోజు మెథడ్ వేరు, స్టాండర్డ్ ఖరీదైనది కాబోలు, 10 మిల్లీగ్రాములే తూచమన్నారు. 10 మిల్లీగ్రాములు 100 ఎంఎల్‌లో అంటే ఎంఎల్‌కి 0.1 మిల్లీగ్రాము, అంటే 100 మైక్రోగ్రాములు, స్టాక్ 100 పీపీఎం. అందులో 1 తీసి 100కి చేస్తే వచ్చేది 1 పీపీఎం, తియ్యాల్సింది 10 ఎంఎల్. అంతే జరిగింది. నీకు గుణకారం రాక కాదు, తూకం మారినా బట్టీ మారలేదు.

అంకె చూసి యూనిట్ వదిలెయ్యడం చదువుకోని వాళ్ళో కొత్తవాళ్ళో చేసే తప్పు అనుకుంటున్నావు కదా, 1983 జూలై 23న కెనడాలో జరిగింది చెప్తా విను. ఎయిర్ కెనడా వాళ్ళ బోయింగ్ 767, అప్పటికి చాలా కొత్త విమానం, ఆ కంపెనీ అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకి మారుతోంది. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. గేజీలు పనిచెయ్యట్లేదని ట్యాంకులో పుల్ల పెట్టి కొలిస్తే 7,682 లీటర్లుంది. లీటర్లని బరువులోకి మార్చడానికి 1.77తో గుణించారు, 13,597 వచ్చింది, మిగతా 8,703కి సరిపడా 4,916 లీటర్లు పోశారు. గుణకారం కరెక్టే, తీసివేత కరెక్టే, భాగహారం కరెక్టే. కానీ 1.77 అనేది లీటరుకి పౌండ్లు, కిలోలు కాదు. లీటరు ఆ ఇంధనం కిలోల్లో 0.8 దాకా తూగుతుంది. పోయాల్సింది 20,000 లీటర్ల పైమాటే, పోసింది ఐదు వేల లోపు. 41,000 అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అయిపోతూ వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని గాల్లో జార్చుకుంటూ తెచ్చి గిమ్లీ అనే ఊళ్ళో పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద దింపారు, లోపలున్న 69 మందీ బతికారు. ఆ లెక్క చూసింది ఒక్కరు కాదు, ఏళ్ళ అనుభవం ఉన్న మనుషులు కొందరు కలిసి చూశారు. వాళ్ళలో ఒక్కరు 1.77 పక్కన "లీటరుకి పౌండ్లు" అని కలంతో రాసుంటే అక్కడే ఆగేది, ఎందుకంటే కిలోల్లోంచి పౌండ్లు తీసెయ్యడం కుదరదని కంటికి కనపడేది.

నా సంగతీ ఒకటి చెప్తా. విజయనగరంలో ఒక కాలేజీలో కొత్తగా చేరిన రోజులు, పిల్లల ప్రాక్టికల్స్ కోసం 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆసిడ్ నేనే తయారుచేశా. అణుభారం 98, పదో వంతు 9.8 గ్రాములు, గాఢమైన ఆసిడ్ లీటరుకి ఐదున్నర ఎంఎల్ చొప్పున పోసేశా. అది 0.1 మోలార్, నార్మల్ కాదు. నార్మల్ లెక్క తుల్యభారంతో, అంటే ఒక్క హైడ్రోజన్ వంతుకి పడే బరువుతో కట్టాలి, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌కి రెండు హైడ్రోజన్లు కాబట్టి అది 49, పోయాల్సింది అందులో సగం. నలభై మంది పిల్లలకి అదే 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 20 ఎంఎల్‌కి బ్యూరెట్‌లో 20 రావాల్సింది 10 దగ్గరే రంగు మారిపోతోంది. పిల్లలు మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు, ఒకమ్మాయి అయితే తనదే తప్పని ఏడ్చేసింది. ల్యాబ్ అటెండర్ ఒకాయన, పెద్దాయన, నా దగ్గరికొచ్చి మెల్లగా "మాస్టారూ, అందరికీ సరిగ్గా సగమే వస్తోంది, సీసా చూడండి" అన్నారు. ఆ మాట ఈ రోజుకీ మర్చిపోలేదు. తప్పు అడ్డదిడ్డంగా ఉంటే చెయ్యి తప్పినట్టు, సరిగ్గా సగం, సరిగ్గా పది రెట్లు, సరిగ్గా వెయ్యి రెట్లు ఉంటే యూనిట్ తప్పినట్టు. నీది సరిగ్గా పదో వంతు వచ్చింది చూడు. నేను ఆ రోజు క్లాసులో నిలబడి తప్పు నాది అని చెప్పి అందరి రికార్డుల్లో అదే రాయించా. ఆ ఏడ్చిన పిల్ల ముఖం తేటపడింది.

ఇక రెండో ముడి. ముందు ఊరటనిచ్చే మాట, నువ్వు రాసినదాన్ని బట్టి ఆ తప్పు స్టాండర్డ్‌తో శాంపిల్ ఏదీ లెక్కకట్టలేదు, సీక్వెన్స్ ముందే ఆగిపోయింది. కాబట్టి ఏ రోగి దగ్గరికీ తప్పు మందు వెళ్ళలేదు. శాంపిల్‌ని ఆ స్టాండర్డ్‌తో పోల్చే లెక్కకడతారు కాబట్టి, శాంపిల్ కూడా నడిచి ఉంటే అందులో మలినం ఉన్నదానికి పది రెట్లు ఎక్కువ కనపడి మంచి బ్యాచ్ ఫెయిల్ అయినట్టు వచ్చేది. అది జరగకుండా పట్టుకున్నది మీ అన్నయ్యే, ఆ మేలు మర్చిపోవద్దు. కానీ రాయొద్దని చెప్పడం మాత్రం మేలు కాదమ్మా, అది నిన్ను కాపాడినట్టు కనపడుతుంది గానీ కాపాడదు.

ఎందుకో చూడు. మొదటిసారి తూచిన 10 మిల్లీగ్రాములకి బ్యాలెన్స్ ప్రింటు వచ్చి ఉంటుంది. స్టాండర్డ్ వాడకం రిజిస్టర్లో ఆ 10 మిల్లీగ్రాములు తగ్గి ఉంటాయి. మీ హెచ్‌పీఎల్‌సీ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ అని ఒకటుంటుంది, ఎవరు లాగిన్ అయ్యారు, ఎన్నింటికి ఇంజెక్షన్ వేశారు, ఎన్నింటికి ఆపారు అన్నీ దానంతటదే రాసుకుంటుంది. నోట్‌బుక్‌లో లేని ఇంజెక్షన్ మెషీన్‌లో ఉంటే ఆడిట్‌కి వచ్చినవాళ్ళు మొట్టమొదట పట్టుకునేది దాన్నే. అమెరికాలో మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ వాళ్ళు 2018లో డేటా ఇంటెగ్రిటీ (రికార్డుల నిజాయితీ) మీద ఇచ్చిన గైడెన్స్ సారాంశం కూడా ఇదే, వచ్చిన డేటా ఏదైనా సరే పక్కన పెట్టాలంటే కారణం రాసిపెట్టాలి, లేనట్టు చెయ్యకూడదు. డైల్యూషన్ తప్పు అని ఆ రోజే రాసుంటే అది చిన్న ల్యాబ్ ఎర్రర్, కారణం తెలిసిన తప్పు, చాలా చోట్ల మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చి వదిలేస్తారు. రాయకపోతే అదే దాచిన డేటా అవుతుంది.

ఇప్పుడు నీ ముందు కొన్ని దారులున్నాయి. దేంట్లో ఏముందో చెప్తా, నడవాల్సింది నువ్వు.

ఏం మాట్లాడకుండా ఊరుకోవడం ఒక దారి. బయటపడకపోవచ్చు కూడా, అబద్ధం చెప్పను. కానీ ప్రతి ఆడిట్‌కీ నీ గుండె ఇలాగే కొట్టుకుంటుంది, రేపు బయటపడితే తప్పు చేసిన ట్రైనీ అనరు, దాచిన ఎనలిస్టు అంటారు, ఆ మాట పడ్డాక పైడిభీమవరంలోనే కాదు, మందుల కంపెనీలున్న పరవాడలో కూడా ఉద్యోగం కష్టం. ఇంకోటి, రేపు నీ కింద చేరే పిల్లకి నువ్వు కూడా రాయొద్దనే చెప్తావు.

నేరుగా సెక్షన్ హెడ్ దగ్గరికెళ్ళి చెప్పెయ్యడం రెండో దారి. నీ మనసు వెంటనే తేలికపడుతుంది, తప్పు ఒప్పుకున్న మనిషి మీద చాలామంది పెద్దలకి గౌరవమే ఉంటుంది. కానీ మీ అన్నయ్యకి ముందు తెలీకుండా వెళ్తే అతను తనమీద చెప్పావనుకుంటాడు, రోజూ పక్కపక్కన నిలబడి పనిచెయ్యాలి కదా. ట్రైనింగ్ పొడిగించొచ్చు, తిట్టొచ్చు, అన్నిటికన్నా చెడ్డగా చూస్తే తీసెయ్యొచ్చు కూడా, అది కూడా లెక్కలో పెట్టుకునే వెళ్ళు.

మూడోది, ముందు అన్నయ్యతో మాట్లాడడం. క్యాంటీన్‌లోనో బస్సులోనో కాదు, ఒక్కడే ఉన్నప్పుడు. "అన్నయ్యా, ఆ రోజు నువ్వు పట్టుకోకపోతే పెద్ద గొడవయ్యేది, కానీ ఆడిట్ ట్రెయిల్‌లో ఆ ఇంజెక్షన్లు ఉన్నాయి, ఇద్దరికీ ఇబ్బంది, నా తప్పు నేనే చెప్తాను, నువ్వు కూడా రా" అను. వస్తే ఇద్దరికీ మంచిది. రెండు మూడు రోజులు చూసినా రాకపోతే నేను వెళ్తున్నానని చెప్పి వెళ్ళు. నాకైతే ఇది నచ్చుతుంది, మనిషికి మనిషికి మధ్య మర్యాద మిగులుతుంది. ఇందులో ఉన్న చిక్కల్లా అతను బతిమాలో బెదిరించో నిన్ను ఆపేస్తాడు, నీకు మొహమాటం ఎక్కువని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది, అందుకే గడువు ముందే మనసులో పెట్టుకో.

ఏ దారిలో వెళ్ళినా ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. పాత పేజీలో ఖాళీ చూసి పాత తేదీతో ఆ ఎంట్రీ ఇరికించకు. చెప్పిన రోజు తేదీ వేసి, లేటుగా రాస్తున్నానని రాసి, సంతకం పెట్టి, హెడ్ ఎలా రాయమంటే అలా రాయి. వెనక తేదీ వేస్తే ఒక తప్పు రెండవుతుంది.

మానేసి బీఈడీ అంటున్న అమ్మ మాట. అమ్మ నీ ఏడుపు చూడలేక అంటోంది. టీచరుగా వెళ్ళాలని నీకే ఉంటే మంచి పని, వెళ్ళు. కానీ యూనిట్లకి భయపడి మాత్రం వెళ్ళకు, అక్కడ నలభై మంది పిల్లలు మోల్ అంటే ఏంటి టీచర్ అని అడుగుతారు, అక్కడ భయపడితే ఆ భయం నలభై మందికి అంటుకుంటుంది. పైగా నాన్న మందుల డబ్బు ఆ రెండేళ్ళు ఎక్కడినుంచి వస్తుందో ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకుని చూడండి.

ఇప్పుడు భయం పోగొట్టుకునే పని. ఒక నోట్‌బుక్ పెట్టుకో, రూముకి వచ్చాక రోజూ ఆ రోజు చేసిన ఒక్క లెక్క అందులో మళ్ళీ చెయ్యి. ఏ అంకెనీ ఒంటరిగా రాయకు, పక్కన యూనిట్ మాత్రమే కాదు, దేని యూనిట్టో కూడా రాయి, "10" కాదు "10 మిల్లీగ్రాముల స్టాండర్డ్", "100" కాదు "100 ఎంఎల్ స్టాక్". ఒకే యూనిట్ పైన ఒకసారి కింద ఒకసారి వస్తే కొట్టెయ్యి. చివరికి నీకు కావాల్సిన యూనిట్ మిగిలితే లెక్క సరైన దారిలో ఉన్నట్టు, వేరేది మిగిలితే గుణించాల్సిన చోట భాగించావని అదే చెప్పేస్తుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. వెయ్యితో గుణించు అని ఇక ఎవరు చెప్పినా, "వెయ్యి ఏంటి అన్నయ్యా, మిల్లీగ్రాముకి మైక్రోగ్రాములా, లీటరుకి ఎంఎల్‌లా" అని అడుగు. రెండూ వెయ్యే, కానీ రెండూ ఒకటి కాదు, అక్కడే పిల్లలు సగం మంది పడిపోతారు.

ఇంకోటి, తెలుగులో ఆలోచించు, సిగ్గు పడకు. స్కూల్లో గాఢత అని చదువుకున్నావు, ఎన్ని నీళ్ళలో ఎంత సరుకు ఉందీ అని అర్థం. ఇంగ్లీషులో కాన్సంట్రేషన్ అంటే నీకు ఫార్ములా గుర్తొస్తోంది, గాఢత అంటే నీళ్ళూ సరుకూ కనపడతాయి. స్టాక్ ఫ్లాస్క్ చేతిలోకి తీసుకున్నప్పుడు మనసులో ఒక్కసారి అనుకో, ఇందులో ఒక్క ఎంఎల్‌లో ఎంత సరుకుంది? ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే 100 మైక్రోగ్రాములు అని తెలిసేది, 1 ఎంఎల్ పిపెట్ పక్కన పెట్టి 10 ఎంఎల్‌ది తీసుకునేదానివి. అన్నీ గుణకారాలే అనుకోకు, సెల్సియస్‌ని కెల్విన్ చెయ్యాలంటే 273.15 కలపాలి, అది వేరే రకం, దాని సంగతి ఇంకోసారి.

మొదటి లెక్కగా నీ ఇంట్లోదే ఇస్తున్నా. నాన్నగారి పోయిన నెల క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) 2.1 అని రాశావు. మన రిపోర్టుల్లో అది డెసీలీటరుకి మిల్లీగ్రాములు. దుబాయ్‌లో ఉన్న మీ బావ అక్కడ పరీక్ష చేయించుకుంటే 90 వచ్చిందని మీ అత్త కంగారు పడిందన్నావు కదా, బయట దేశాల్లో చాలా చోట్ల లీటరుకి మైక్రోమోల్స్‌లో ఇస్తారు, మీ బావ రిపోర్టులో 90 పక్కన ఏం రాసుందో చూడమను. క్రియాటినిన్ మోలార్ ద్రవ్యరాశి మోల్‌కి 113.12 గ్రాములు. ముందు 2.1ని లీటరుకి మార్చు, డెసీలీటరంటే లీటరులో పదో వంతు, 21 మిల్లీగ్రాములు వస్తాయి. దాన్ని 113.12తో భాగిస్తే మిల్లీమోల్స్, అక్కడినుంచి మైక్రోమోల్స్‌కి. నాన్నగారిది 186కి దగ్గరగా రావాలి. తర్వాత 90ని వెనక్కి తిప్పి మన లెక్కలోకి తెచ్చి, ఒకటి పైన ఎంతొచ్చిందో అత్తకి ఫోన్ చేసి చెప్పు. 186 రాకపోతే ఏ లైన్‌లో యూనిట్ రాయకుండా వదిలేశావో చూసుకో, తప్పు ఆ లైన్‌లోనే ఉంటుంది. చేసిన పేజీ ఫొటో తీసి పంపు, నేను చూస్తాను.